పూత మీద ఇచ్చిన మాట

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కన్నా ముందు డాలరు రేటు రావాలి. మా ఆయన నా మేనత్త కొడుకే, అందుకే పెళ్లయి ఇన్నేళ్లయినా బావ అనే పిలుస్తాను. మంచం మీదే ఫోను తెరిచి, రూపాయి ఎంత పడిందో చూసి, ఉసూరుమని, అప్పుడు పళ్లు తోముకుంటాడు. పలాసలో జీడిపప్పు తీసే చిన్న షెడ్డు మాది. పప్పు తీసే పచ్చి జీడిపిక్కలు చాలావరకు ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తాయి. వాటికి డాలర్లు పోయాలి.

ఆ ఏడాది మరీ దారుణం. అమెరికాలో వడ్డీలు పెంచారట, పెట్టుబడులన్నీ అటు పరుగెత్తాయట, ఇక్కడ రూపాయి జారిపోయింది. ధరలు చేయి దాటకూడదని మన కేంద్ర బ్యాంకూ వడ్డీ పెంచింది. పైవాళ్ల లెక్కలు పైవాళ్లకుంటాయి, కాదనను. మాకు మాత్రం పిక్కా ప్రియమైంది, పిక్క కొనడానికి తెచ్చే అప్పూ ప్రియమైంది.

"ఈ ఏడు బాయిలరు ఎలిగించను. నష్టానికి పని సేసేకన్నా ఇంట్లో కూకోడం మేలు" అన్నాడు బావ. బాయిలరు ఆవిరిలో పిక్కలు ఉడికితేనే మా షెడ్డులో పని.

నాకు ఒళ్లు మండింది. ఈయన ఇంట్లో కూర్చుంటాడు సరే, పిక్కలు కొట్టే ఆడవాళ్లు ఏమైపోవాలి? వాళ్లలో పెద్దావిడను నేను అప్ప అంటాను. కాపురానికొచ్చిన కొత్తలో నా చేతులు పిక్క తొక్కలోని జీడి అంటి పొక్కిపోతే, బూడిద రాసుకుని పనిలోకి దిగాలని నేర్పింది ఆవిడే.

పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానం ఆడవాళ్లదొక వింత అలవాటు. అందరికీ ఎంతో కొంత జీడితోట ఉంది. చలికాలంలో పూత కనపడగానే, చేతిలో డబ్బాడుతుందని, రాబోయే పంటంతా దళారీకి అమ్మేస్తారు. తర్వాత వేసవంతా మా షెడ్డులో కూర్చుని ఓడల్లో వచ్చిన పిక్కలు కొడతారు. మేమూ ఏనాడూ ఇదేమిటని అడగలేదు. కొన్నేళ్ల కిందటి తుపానుకు పోయిన తోటల్లో మళ్లీ నాటిన మొక్కలు ఆ ఏడే నిండుగా పూశాయి. అది చూశాకే, డాలరుతో పనిలేని పిక్క ఇక్కడే ఉంది కదా అని నాకు ఆలోచన వచ్చింది.

"అప్పా, ఈసారి పూత మీద అమ్మకండి. పిక్కలు మాకే తెండి. దళారీ కన్నా ఎక్కువిస్తాం" అని రేటు చెప్పాను.

"మాటేనా సెల్లీ?"

"మాటే."

దళారీలు ఇళ్ల చుట్టూ తిరిగినా వాళ్లు అమ్మలేదు. తీరా పిక్కలు రాలే వేళకి రూపాయి తేరుకుంది. బావ గంతులేసినంత పని చేశాడు.

"సూసినావా, ఓడ పిక్క రేటు దిగిపోనాది! నీ ఉద్దానం పిక్క కన్నా సవగ్గా వస్తాది. ఆ మాటేదో నువ్వే తీర్సుకో."

రెండ్రోజులు లెక్కలేసుకుంటూనే ఉన్నాను. నన్ను నమ్మి వాళ్లు పూత నిలుపుకున్నారు. నేను మాట తప్పితే ఆ పంట అడ్డికి పావుశేరు పోతుంది. నిలబడదామా అంటే అప్పు తేవాలి, బ్యాంకు వడ్డీ ఇంకా దిగలేదు.

మూడోరోజు అప్ప వాళ్లు పిక్కల బస్తాలతో ఆటోలో దిగారు. బావ అలవాటు ప్రకారం గుప్పెడు పిక్కలు తీసి కత్తితో కోసి చూశాడు. పప్పు నిండుగా, తెల్లగా ఉంది. మరో బస్తాలోంచి తీసి కోశాడు. అదీ అంతే. వంక దొరకలేదు.

అప్ప నా వైపు తిరిగింది. "ఓలమ్మ, డాలరు దిగిపోనాదని మాకూ తెలుసు. మాట మార్సేత్తావేటి?"

"మార్చను అప్పా. డబ్బే, ఒకేసారి..." అని నసిగాను.

"అయితే ఇను. సగం ఇప్పుడియ్యి, సగం పప్పు అమ్మినాక ఇద్దువుగాని. వడ్డీ బేంకోడు అడుగుతాడు గానీ మేం అడుగుతామేటి? బాయిలరు మాత్రం ఆపకండి."

నాకు ఏడుపొచ్చేసింది. బావ కత్తి మడిచి, విసురుగా లోపలికి పోయాడు. కోపమొచ్చిందనుకున్నాను. కాసేపటికి షెడ్డు వెనక బాయిలరు గొట్టంలోంచి పొగ లేచింది. ఆడవాళ్లు కొంగులు బిగించి బూడిద గిన్నె అందుకున్నారు.

ఆ ఏడు పప్పు పూర్తిగా అమ్ముడుపోకముందే అందరికీ మిగతా డబ్బు ఇచ్చేశాం. లాభం ఘనంగా ఏమీ లేదు, నష్టం మాత్రం రాలేదు. తర్వాత వడ్డీలూ కొంచెం దిగాయి. బావ ఇప్పటికీ పొద్దున్నే ఫోనులో డాలరు చూస్తాడు. చలికాలం వచ్చిందంటే మాత్రం ఫోను జోలికి పోకముందే నన్ను లేపుతాడు.

"ఏటే, అప్ప తోట పూసిందా?"