కుంటని దుప్పి

ఆ ఆదివారం పదకొండున్నరకి పనసపొట్టు కూరలో ఆవ కలుపుతుంటే నా ఎడమ దవడ లాగింది. పంటి నొప్పేమోనని బుగ్గన లవంగం పెట్టుకున్నాను. కాసేపటికి జాకెట్టు చెమటకి తడిసిపోయింది. పొయ్యి వేడి అనుకున్నాను.

మాది అమలాపురం పక్క బండారులంక. మా అమ్మాయి అత్తమామలు రాజోలు నుంచి మొదటిసారి భోజనానికి వచ్చిన రోజది. బతిమాలి, కొసరి కొసరి వడ్డించడం మా కోనసీమ మర్యాద. మధ్యలో నడుం వాలిస్తే నాకు తలవంపులు. వంగినప్పుడల్లా గుండె మీద రోలు పెట్టినట్టుండేది. నవ్వుతూనే వడ్డించాను.

భోజనాలయ్యాక వియ్యంకుడుగారు టీవీలో అడవి జంతువుల సినిమా పెట్టారు. రేచుకుక్కల గుంపొకటి దుప్పుల మందని కనిపెట్టుకుని ఉంది. ఒక దుప్పికి కాలు దెబ్బతింది. అయినా కుంటడం లేదు. కుంటితే కుక్కలు తననే ఎంచుకుంటాయని, నొప్పి దాచుకుని మిగతావాటితో సమంగా నడుస్తోందని సినిమాలో చెబుతున్నారు. దాని కళ్లు దగ్గరగా చూపించారు. అప్పుడు నాకు భయం వేసింది. ఇందాకటి నుంచి వంటింటికీ హాలుకీ మధ్య నేను నడిచిన నడక అదే.

పక్కనున్న వియ్యపురాలి చెయ్యి పట్టుకున్నాను. ఒంట్లో బాగోలేదని మాత్రం చెప్పగలిగాను.

మావారు కారు తీశారు. అమలాపురం ఆసుపత్రిలో ఈసీజీ కాగితం చూడగానే డాక్టరుగారి ముఖం మారింది.

"హార్ట్ ఎటాక్ అమ్మా. క్లాట్ కరగడానికి ఇంజెక్షన్ ఇవ్వాలి. నొప్పి ఎన్నింటికి మొదలైంది? ఆ టైముని బట్టే వైద్యం. కరెక్టుగా చెప్పండి."

మంచం పక్కనే వియ్యాలవారున్నారు. ఇప్పుడేనండీ అనబోయాను. ప్రాణం మీదికొచ్చినా పరువే ముందు! అంతలో ఆ దుప్పి కళ్లు గుర్తొచ్చాయి.

"పదకొండున్నరకండీ" అన్నాను.

"అంటే, మాకు వడ్డించినంతసేపూ నొప్పితోనే నవ్వేరా వదినగారూ" అని వియ్యపురాలు ఏడ్చేశారు. "మేం పరాయివాళ్లమనుకున్నారాండీ?"

ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్సులో కాకినాడ పంపారు. యాంజియోగ్రామ్, ఒక స్టెంట్. గండం గడిచిందనుకున్న మూడో రోజు ఊపిరాడలేదు. హార్ట్ పంపింగ్ తగ్గింది, లంగ్స్‌లో నీరు చేరింది అన్నారు. మళ్లీ ఐసీయూ, ఆక్సిజన్ మాస్కు. ఆ రెండు రోజులూ ఇంక ఇంటికి రాననే అనుకున్నాను.

ఇప్పటికి ఎనిమిది నెలలు. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను. కాలవగట్టు మీద మెల్లగా నడుస్తున్నాను. ఉప్పు తగ్గింది గానీ నా నోరు తగ్గలేదంటారు మావారు. వియ్యాలవారొస్తే ఇప్పుడు వియ్యపురాలే గరిటె పట్టుకుంటారు. నేను కూర్చుని తింటాను.

మొన్న ఆ సినిమా చివరిదాకా చూశాను. కుక్కలు కనిపెట్టేశాయి. పాపం, ఆ దుప్పికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. నేను ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని దాచాను.

దవడో, ఛాతీయో, చెయ్యో లాగి చెమట పడితే గడియారం చూడండి. ఎదురుగా ఎవరుంటే వాళ్లకి ఆ టైముతో సహా చెప్పి ఆసుపత్రికి బయల్దేరండి. చుట్టాలు భోంచేస్తున్నా సరే. విస్తరి ముందు నుంచి మధ్యలో లేవకూడదంటారు గానీ, మీ కోసం వాళ్లు లేస్తారు.