గోడ నుంచి కొలిచిన మనిషి

గౌరీశంకర్ ఒకచోట కుదురుగా కూర్చోవడం చోడవరం కోటవీధిలో ఎవరూ చూడలేదు. ఆయన వయసు యాభై నాలుగు. పుట్టింది ఆ వీధిలోని మూడో ఇంట్లో. సివిల్ డిప్లొమా చదివి, బస్టాండు ఎదుట చిన్న గదిలో ముప్పై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాడు. వాటిలో ఎక్కువ భాగం, వచ్చినవాళ్లు ఫోన్లో చూపించిన విశాఖపట్నం ఇళ్లకు నకళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే కాబోలు, గీస్తూ గీస్తూ లేచి గుమ్మం దాకా వెళ్లి వస్తుండేవాడు.

రావికమతంలో బెల్లం వ్యాపారం చేసే సత్తిబాబు కోటవీధిలో ఒక పాడుబడ్డ పెంకుటిల్లు కొని, అక్కడ మూడంతస్తుల హోటల్ కట్టాలనుకున్నాడు. గౌరీశంకర్‌కు సొంతంగా గీసే పని దొరకడం అదే మొదటిసారి. రెండువైపులా వందేళ్ల ఇళ్లు. వాటి మధ్య హోటల్ పరాయిదానిలా నిలబడకూడదని ఆయన పట్టుదల. అద్దాల ముఖం వద్దన్నాడు. పక్కింటి చూరు ఎత్తులోనే సన్‌షేడ్ గీశాడు. నాలుగు నెలల్లో ప్లాను ఏడుసార్లు గీశాడు.

పునాదికి ముగ్గు పోసిన ఉదయం సత్తిబాబు వచ్చి టేపు పట్టించాడు. స్థలం అంచుకూ ముగ్గు గీతకూ మధ్య మూడడుగులు మిగిలిపోయాయి.

"ఏటండీ ఇది? మూడడుగులు ఎవరికి ధారపోసేరు?"

గౌరీశంకర్‌కు అప్పుడు తట్టింది. పాత ఇల్లు కూల్చకముందు తాను గోడ నుంచి కొలిచాడు, అరుగు అంచు నుంచి కాదు. కోటవీధిలో అరుగును ఇంటి కొలతలో ఎవరూ కలపరు. గౌరీ పరమేశ్వరుల ఊరేగింపు చూసేవాళ్లూ, ఆటో కోసం ఆగేవాళ్లూ అక్కడే కూర్చుంటారు. బయటివాడెవడూ ఇలా పొరబడడు.

రోడ్డు వైపు మూడడుగులు వదలాలని రూలు ఉందని ఒక్క అబద్ధం ఆడితే సత్తిబాబు నమ్ముతాడు. పనీ అరుగూ రెండూ దక్కుతాయి. గౌరీశంకర్ రోడ్డు మలుపు దాకా రెండుసార్లు నడిచి వచ్చాడు. పక్కింటి అరుగు మీద పూలమ్మే దేముడమ్మ విసుక్కుంది.

"ఒరే సంకరా, నీ తిరుగుడు సూసి నా కళ్లు తిరుగుతన్నాయిరా. ఏదో ఒకటి సెప్పీ!"

"తప్పు నాదే బాబూ," అన్నాడాయన సత్తిబాబుతో. "అరుగు వీధిదనుకుని వదిలేసేను. కానీ ఆ గీత నేను ముందుకి జరపలేను."

"మీరు కాపోతే ఇంకోరు జరుపుతారు. అనకాపల్లిలో ఇంజినీర్లకి కరువేటి?"

"జరిపించుకోండి. పండగనాడు జనం ఎక్కడ కూసుంటారు? ఎప్పుడూ కూసున్న చోటే. అక్కడ మీ రిసెప్షన్ సోఫాలుంటాయి."

"సోఫాలైతే మరీ మంచిదిరా. నడుం నొప్పి నాకు," అంది దేముడమ్మ.

సత్తిబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. కాసేపు ఆ స్థలాన్ని తేరిపార చూశాడు.

"సరే, కింద అరుగు ఉంచండి. పై రెండంతస్తులూ మూడడుగులు ముందుకి రావాల. అరుగు చుట్టూ గ్రిల్లు పెట్టండి."

"గ్రిల్లు పెడితే అది అరుగు కాదు బాబూ, బోను."

"మీతో ఏగలేనండీ! గ్రిల్లు ఒగ్గీండి. పై గదులు మాత్రం ఒగ్గను. ఎల్లుండికి ప్లాను కావాల."

సత్తిబాబు వెళ్లిపోయాడు. అరుగు దక్కింది. కానీ పై అంతస్తులు ముందుకు పొడుచుకొస్తే, వీధి పొడవునా ఒకే వరుసలో సాగే చూరు గీత హోటల్ దగ్గర తెగిపోతుంది. నాలుగు నెలలు గౌరీశంకర్ కాపాడాలని చూసింది ఆ గీతనే. ఎనిమిదో ప్లాను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, గౌరీశంకర్ టేపు తీసుకుని దేముడమ్మ ముందు వంగాడు.

"కాళ్లు పైకెట్టు పిన్నీ, అరుగు ఎత్తు చూస్తాను."

"ఇన్నాళ్లూ దీని మీదే పెరిగేవు. ఇప్పుడు కొలుత్తున్నావా?"

పద్దెనిమిది అంగుళాలని రాసుకున్నాడు. దాని పక్కింటిది ఇరవై ఒకటి వచ్చింది. హోటల్ దేన్ని అనుసరించాలి? కాగితం జేబులో కుక్కుకుని, ఎదుటి వరుస కొలవడానికి రోడ్డు దాటాడు.