నాకు లెక్కలు రావన్న పిల్ల

ఎనభైల్లో నేను చాట్రాయి వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. మాది ఉంగుటూరు, వరి పండే నేల. మామిడి గురించి నాకు తెలిసిందల్లా ఆవకాయే. ఉద్యోగం చేస్తూనే ఎం.ఎడ్.కి కట్టాను. సిద్ధాంత వ్యాసానికి నేను ఎంచుకున్న ప్రశ్న ఇది: “నాకు లెక్కలొచ్చు”, “నాకు రావు” అని పిల్లలు తమ గురించి తాము ఎలా తేల్చుకుంటారు?

మా గైడుగారు పెద్దాయన. “ఒక్క సిద్ధాంతం పట్టుకుంటే ఒక వైపే కనపడుతుందమ్మా, మూడు పట్టుకో” అన్నారు. ఒకటి పిల్ల మనసులో ఏముందో చూసేది. ఇంకోటి చుట్టూ ఉన్నవాళ్ళు ఆ పిల్లను ఏమంటున్నారో వినేది. మూడోది ఆ పిల్ల ఎవరితో కలిసి ఏ పని చేస్తోందో చూసేది. మూడు పుస్తకాలూ తెచ్చుకుని చదివాను. ఒకదాని ముఖం ఒకటి చూడవు, తోడికోడళ్ళలాగా.

నేను ఎంచుకున్నది తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయిని. అమ్మానాన్నలు మామిడి తోటల్లో కూలి పనికి వెళ్తారు. “నాకు లెక్కలు రావండీ” అని పేరడిగినంత మామూలుగా చెప్పేది.

ముందు నలభై ప్రశ్నల కాగితం ఇచ్చాను. ‘లెక్కలంటే నాకు ఇష్టం’, ‘లెక్కలంటే నాకు భయం’ లాంటివి. అన్నిటికీ ‘అవును’ అనే టిక్కు పెట్టింది.

“ఇష్టమూ అవునే, భయమూ అవునే, ఏంటే ఇది?” అన్నాను.

“కాదంటే మీరు బాధపడతారేమోనని అండీ.”

ఆ నలభై ప్రశ్నలు తయారుచెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది.

సరే, రెండో పుస్తకం తెరిచాను. వాళ్ళింటికి వెళ్ళి అడిగితే తండ్రి, “వాళ్ళమ్మ పోలికండీ” అన్నాడు. తల్లి పొయ్యి దగ్గర నుంచే, “నన్నంటాడేంటండీ, ఈయన బడి మొహమైనా చూశాడా?” అంది. పిల్లను పక్కకు పిలిచి, “అసలు నీకు లెక్కలు రావని ముందు అన్నదెవరో గుర్తుందా?” అన్నాను.

పిల్ల కాలి బొటనవేలితో నేల గీసింది. “చెప్తే కోప్పడరుగా?”

“నేనెందుకు కోప్పడతాను?”

“మీరేనండీ. ఎనిమిదిలో బోర్డు మీద లెక్క తప్పు చేశాను. ‘పోనీలే, నీకు కుట్లు, అల్లికలు బాగా వస్తాయిగా’ అన్నారు.” నా ముఖం చూసి వెంటనే, “మంచిగానే అన్నారు లెండి” అని నన్ను ఓదార్చింది.

నాకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. ఓదార్చాననుకుని ఎంతమందిని అలా కుట్లకు పంపేశానో! ఆ వారం నేను పుస్తకం ముట్టుకోలేదు.

వేసవి సెలవుల్లో విస్సన్నపేట దారిలోని ఒక తోటలో కోత మొదలైంది. పిల్ల కూడా అమ్మతో వెళ్తోందని తెలిసి, మూడో పుస్తకాన్ని సంచిలో వేసుకుని నేనూ వెళ్ళాను. కోతకు ముందు చెట్టుకు ఎన్ని కాయలుంటాయో అంచనా కట్టాలి. తోట యజమాని, వయసు మళ్ళిన రైతు, ఆ పిల్లనే పిలిచాడు. “దీని చూపు మా అందరికన్నా నయమండీ” అన్నాడు నాతో. ఆమె ఒక పెద్ద రసం మామిడి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కొమ్మ కింద నిలబడి పెదాలు కదిపింది. “పదమూడు వందలుంటాయి.”

నేను ఊరుకోవచ్చుగా! చెట్టును అర్ధగోళం అనుకుని, వ్యాసార్ధం అడుగులతో కొలిచి, నోట్‌బుక్కులో రెండు పేజీలు చేసి, నాలుగు వేలన్నాను. కూలీలు కొంగు నోట్లో కుక్కుకున్నారు. సాయంత్రానికి దిగిన కాయలు పదమూడు వందలకు రెండు పుంజీలు, అంటే ఎనిమిది తక్కువ.

“వరి పొలాల వాళ్ళు కదండీ” అని ఒకావిడ నన్ను వెనకేసుకొచ్చింది.

“ఒక కొమ్మ లెక్కపెట్టి, అలాంటి కొమ్మలెన్నో చూశావు కదా. అది లెక్కే కదే?” అన్నాను పిల్లతో.

“లెక్కెందుకవుతుందండీ? పని.”

ఆ ఒక్క జవాబుకు వ్యాసంలో పదకొండు పేజీలు పట్టాయి. మనసు గురించిన అధ్యాయం తేలిగ్గానే అయింది. రెండోదాంట్లో మాత్రం ‘ఒక ఉపాధ్యాయురాలు సదుద్దేశంతో అన్న మాట’ అని రాశాను. గైడుగారు అక్కడ వేలు పెట్టి ఆగారు.

“అందరినీ గట్టిగా విమర్శించి, ఈవిడ దగ్గర మెత్తబడ్డావేం?”

“ఆవిడ నేనేనండీ.”

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. “అయితే ఇంకొంచెం గట్టిగా రాయి.” రాశాను. పాసయ్యాను.

పదో తరగతిలో ఆ పిల్లను మళ్ళీ బోర్డు దగ్గరికి పిలవడం మొదలుపెట్టాను. తప్పు చేసేది. ఓదార్చకుండా నిలబడటం నాకు చాలా కష్టమయ్యేది, నోటిదాకా వచ్చిన మాట మింగేదాన్ని. ఆమె డస్టరుతో తుడిచి, మళ్ళీ మొదలుపెట్టేది. కొన్నిసార్లు గంట కొట్టేసేవాళ్ళు, అయినా కదిలేది కాదు. పబ్లిక్ పరీక్షలో లెక్కల్లో అరవై దాటింది.

నూజివీడు కాలేజీలో చేరే రోజు బస్టాపులో కనపడింది. ఎంపీసీ తీసుకున్నావా అని ఆశగా అడిగాను. సీఈసీ అంది. నా ముఖం చిన్నబోయింది కాబోలు, నవ్వి, “లెక్కలొచ్చు కదాని లెక్కలే చదవాలాండీ?” అంది.

ఇంతలో బస్సొచ్చింది, ఎక్కేసింది. ఎంపీసీ గురించి నాలో నేను గొణుక్కుంటూ స్కూలు దాకా నడిచాను. గేటు దగ్గరికొచ్చాక గానీ, ఆ ‘లెక్కలే చదవాలా’కి ముందు ఆమె అన్న మాటేంటో నా బుర్రకు తట్టలేదు.