ట్రిమ్మర్‌కి పెట్టిన బొట్టు

మా నాన్న వెర్నియర్‌తో కొలవని వస్తువు మా ఇంట్లో లేదు. తూటా కేసులు కొలిచేవాడంటే సరే, అది ఆయన పని. అమ్మ కాల్చిన చపాతీలు కూడా కొలిచేవాడు. చుట్టాలు భోజనాలకి కూర్చున్నప్పుడు చపాతీని వెర్నియర్ దవడల మధ్య ఇరికించి, అంకె పైకి చదివి, "ఈ అంచు ఒకలాగ, ఆ అంచు ఒకలాగ. ఇదీ మా ఆవిడ పనితనం" అనేవాడు. చుట్టాలు నవ్వేవారు. నవ్వకపోతే తర్వాత తమ వంతు వస్తుందేమోనని వాళ్ల భయం.

అమ్మ నుదుటి బొట్టు మీద మరీను. పెళ్లికో పేరంటానికో బయల్దేరేటప్పుడు వీధి గుమ్మంలో ఆవిడని నిలబెట్టి, "వంకరగా ఉన్నాది, తుడు" అనేవాడు. అమ్మ తుడిచి మళ్లీ పెట్టుకునేది. "ఇంకా వంకరే. తుడు." మళ్లీ తుడిచేది. ఎదురుగా ఆటో ఆగి ఉండేది, ఆటో అతను బీడీ కాలుస్తూ ఈ తమాషా చూసేవాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే వరస. ఆ బొట్టెప్పుడూ వంకరగా లేదు, నేను పక్కనే నిలబడి చూసేదాన్ని.

నాన్న సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. భోగాపురం పక్కన మా ఊళ్లో ఇల్లు కట్టుకున్నాక, విజయనగరంలో ఒక రైఫిల్ క్లబ్బు వాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒకసారి కాల్చిన తూటాల ఇత్తడి కేసుల్ని మళ్లీ నింపి వాడుకోడానికి ఆ క్లబ్బుకి అనుమతి ఉంది. నింపడం, బిగించడం అంతా అక్కడే, తాళాల వెనక. మా ఇంటికి వచ్చేవి కడిగిన ఖాళీ కేసులు మాత్రమే. తూటా పేలినప్పుడు కేసు మూతి కాస్త సాగుతుంది. ఆ సాగిన మేర కోసి అన్నిటినీ ఒకే పొడవుకి తేవాలి. అందుకు క్లబ్బు వాళ్లే ఇచ్చిన చిన్న చేతి మిషను ఉంది, ట్రిమ్మర్ అంటారు. ఒక కొసన ఉన్న ఇత్తడి హోల్డరు కేసు అడుగుని పట్టుకుంటుంది. రెండో కొసన కట్టరు. హ్యాండిల్ తిప్పుతుంటే కట్టరు కేసు మూతిని చెక్కుకుంటూ ముందుకెళ్లి, అడ్డు రింగు తగిలిన చోట ఆగిపోతుంది. చెరుకురసం బండి తిప్పగలిగినవాడెవడైనా దాన్ని తిప్పగలడు. ఈ మాట నాన్న ముందు అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆ మిషన్ మీద మాలో ఎవరి చెయ్యీ పడకూడదు. మా అమ్మ దుమ్ము దులపబోతే కూడా కసిరేవాడు. ఒక్క దసరాకి మాత్రం మినహాయింపు. ఆయుధపూజ రోజు ట్రిమ్మర్‌ని పీట మీద పెట్టి, అమ్మ చేత పసుపు రాయించి, ఆ పసుపు మీద కుంకుమ బొట్లు పెట్టించేవాడు. తను చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడేవాడు. "పైపైన పూసి మాయ సెయ్యకు. హ్యాండిల్‌కి పెట్టు. కట్టర్‌కి పెట్టు. ఆ హోల్డర్ లోపల కూడా పెట్టు, అదే కదా అసలైంది." పూజలో పెట్టిన బొట్టు ఎవరూ తుడవకూడదు, దానంతటది రాలిపోవాలి. మా వైపు లారీలకైనా, ఆటోలకైనా, పడవ ఇంజన్లకైనా అదే పద్ధతి. నాన్న కూడా నూనె గుడ్డతో మిషనంతా తుడిచేవాడు గానీ బొట్ల జోలికి వెళ్లేవాడు కాదు.

కిందటి దసరా తర్వాత కేసుల్లో తేడాలు మొదలయ్యాయి. ఒకటి సరిగ్గా ఉంటే ఇంకొకటి వెంట్రుకవాసి పొట్టి. క్లబ్బులో షూటర్లు గొణిగారు, సెక్రటరీ రెండుసార్లు మెత్తగా చెప్పాడు, మూడోసారి మెత్తగా చెప్పలేదు. "పెద్దాయనా, వయసు మీదపడింది, చెయ్యి వణుకుతున్నట్టుంది. ఈ దఫా కూడా తేడా వస్తే మిషను తిరిగి పంపించెయ్యండి, ఇంకొకరికి ఇస్తాం" అన్నాడు. ఆ మిషను పోతే నాన్న చేతిలో ఇంకేమీ మిగలదు. ఊళ్లో ఆయన్ని ఎవరూ ప్రేమతో పలకరించరు, ఆ క్లబ్బు జీపు గుమ్మంలో ఆగినందుకు పలకరిస్తారు.

అప్పుడు నాకు ఫోను చేశాడు. నేను విజయనగరంలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేస్తాను, చిన్న చిన్న స్క్రూలతోనే నా బతుకు. సాయం చెయ్యమని అడగడం ఆయనకి రాదు. "ఒసే, ఆదివారం రా. మిషన్ సూడాలి. నీ కళ్లద్దాలు మర్సిపోకు" అని పెట్టేశాడు.

స్కూటర్ మీద వెళ్లాను. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద లారీలు రేపిన దుమ్ము ఊరంతా పరుచుకుంది. ముందు ఆ దుమ్మునే అనుమానించాం. మరలన్నీ విప్పి, బొట్లు వదిలేసి, కిరసనాయిల్‌తో కడిగి, మళ్లీ బిగించాం. కేసు కోసి కొలిస్తే తేడా అలాగే ఉంది. మిషను బల్లకి సరిగ్గా బిగిసిందా అని చూశాం, బిగిసే ఉంది. అడ్డు రింగు స్క్రూ జారుతోందేమోనని గుర్తు పెట్టి చూశాం, జారలేదు. కట్టరు మొండిదైందని నాన్న కొత్తది వేశాడు. కోత నున్నగా వచ్చింది గానీ పొడవు మాత్రం కుదరలేదు.

ఇంతసేపూ అమ్మ ఫోను లైటు పట్టుకుని నిలబడింది. చెయ్యి కాస్త వాలితే చాలు, నాన్న వెర్నియర్ కొసతో ఆవిడ వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. "లైటు పట్టుకోడం కూడా రాదు. ఏటి తిని పెరిగినావే?" నేను "నాన్నా" అన్నాను. "నువ్వు మిషన్ సూడు" అన్నాడు. అమ్మ చెయ్యి మార్చుకోకుండా అలాగే పట్టుకుంది. ఆవిడ మొహంలో నొప్పి లేదు, విసుగూ లేదు. ఏదో వంట ఉడుకుతుంటే కనిపెట్టుకుని ఉన్నదానిలా ఉంది.

ఇంక విప్పడానికేమీ మిగల్లేదు. నాన్న కుడిచెయ్యి నా మొహం ముందుకి చాపాడు. "సూడు. వణుకుతాందా?"

వణకలేదు. అంత వయసులో అంత నిలకడైన చెయ్యి నేనెక్కడా చూడలేదు. ఆ మాటే చెప్పాను. "మరైతే ఏటి?" అని బల్ల మీద గుద్దాడు. భోజనం దగ్గర చారులో ఉప్పు తక్కువైందని గిన్నె నెట్టేసి, మిగతా అన్నం పెరుగుతో తిని, వెళ్లి పడుకున్నాడు.

ఒళ్లు మండిపోతూ మళ్లీ మిషన్ దగ్గర కూర్చున్నాను. హోల్డర్ లోపల ఏమైనా ఇరుక్కుందేమో చూద్దామని అమ్మని పిన్నీసు అడిగాను. గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చి, పనిలోకి పోకుండా అక్కడే నిలబడింది. లోపల అడుగున గీకితే గట్టిగా తగిలింది. చిన్న పెచ్చు ఊడి వచ్చింది. పసుపు. ఇత్తడిలో ఇత్తడిలా కలిసిపోయింది, శుక్లాలున్న నాన్న కంటికి అది ఏ జన్మకీ కనిపించదు. ఒకపక్క మందంగా, ఒకపక్క పెచ్చులూడి ఉంది. అందుకే కేసులన్నీ ఒకేలా అడుగుకి ఆనడం లేదు, ఒక్కోటి ఒక్కోలా ఎత్తుగా కూర్చుంటోంది, ఎత్తుగా కూర్చున్నదాన్ని కట్టరు ఎక్కువ కోసేస్తోంది.

మిషన్ పైన పసుపు ఉన్న ప్రతిచోటా మధ్యలో ఎర్రటి కుంకుమ ఉంది. లోపల కుంకుమ లేదు.

అమ్మ మొహంలోకి చూశాను. "కిందటి దసరాకి గంజితో కలిపినాను" అంది మెల్లగా. "ఉత్త పసుపైతే రాలిపోతాది."

"తెలిసే పెట్టావా?"

"నాకేటి తెల్సు? లోపల కూడా పెట్టమన్నారు, పెట్టినాను." పెచ్చుని నా గోటి మీంచి తన కొంగుతో తుడిచేసింది. "మిగిలింది అలాగుండనీ."

నాకు నవ్వు వచ్చింది, భయమూ వేసింది. నేను కాసేపు ఆలోచించాననీ, మనసు కొట్టుకుందనీ రాస్తే అది అబద్ధం. పిన్నీసు తిరిగి ఇచ్చేశాను.

నాన్న లేచి వచ్చాడు. "ఏటి, దొరికిందా?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది. "మిషన్‌కేటీ నేదటండి. మీ సెయ్యేనట."

నాన్న ఆవిడని పట్టించుకోలేదు. నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పు."

"అవును నాన్నా, చెయ్యే" అన్నాను.

ఆయన మళ్లీ చెయ్యి చాచి చూసుకున్నాడు. ఈసారి వేళ్లు వణికాయి. పొద్దున్న లేని వణుకు అది, నా మాటతో పుట్టింది. జాలి పడాల్సిన చోటని నాకు తెలుసు. జాలి రాలేదు, చపాతీలు గుర్తొచ్చాయి.

మిషన్ని పంపించెయ్యడానికి ఒప్పుకున్నాడు. జీపు వచ్చే ముందు అమ్మ దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి చింతపండు పెట్టి, కొబ్బరిపీచుతో తోమింది. హోల్డర్‌లో పుల్ల పెట్టి తిప్పి తిప్పి కడిగింది. బొట్లన్నీ కరిగి ఎర్రగా కాలవలోకి పోతుంటే నాన్న కుర్చీలోంచి చూస్తున్నాడు. "ఇంక మనది కాదు గదా" అంది అమ్మ.

కొన్నాళ్లకి సెక్రటరీ ఫోను చేశాడు. నాన్నకి సరిగ్గా వినిపించదని అమ్మ స్పీకరు పెట్టింది. ఆ మనిషి మంచి మనసుతోనే మాట్లాడాడు. "మిషను బంగారమండి. కొత్తాయన తిప్పుతుంటే ఒక్క కేసు కూడా తేడా రావట్లేదు. ఇన్నాళ్లూ ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నారండీ!" నాన్న "సరే" అన్నాడు. తర్వాత ఫోను ఎలా ఆపాలో తోచనట్టు దాన్నలాగే పట్టుకుని కూర్చుంటే అమ్మ తీసుకుంది.

ఆ చెయ్యి ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. విజయనగరంలో డాక్టరు అన్నీ పరీక్షించి జబ్బేమీ లేదన్నాడు. అన్నం కంచం బయట పడుతుంది. అమ్మ తుడుస్తుంది. వెర్నియర్ గూట్లో ఉంది, దాన్నెవరూ ముట్టుకోరు.

మొన్న మా మేనత్త మనవరాలి పెళ్లికి బయల్దేరాం. నిలువు బొట్టు గీతలా పెట్టుకోవడం నాన్నకి అలవాటు. వేళ్లు నిలవక గుమ్మంలో నిలబడి అమ్మ ముందు తల వంచాడు. అమ్మ కుంకుమ అద్దింది.

"తిన్నగా ఉన్నాదా?" అన్నాడు.

"ఉన్నాది" అంది అమ్మ.

ఎడమ కనుబొమ్మ మీదకి వాలిపోయి ఉంది. అద్దం కోసం లోపలికి వెళ్లలేదు ఆయన, వెళ్లినా ఆ కళ్లకి ఆనదు. తల ఎత్తుకుని వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. ఆటో అతను ఆయన మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు.