గోళ్ళు దాచమన్నారు

కొరియర్ వాళ్ళు పాడేరు దాకానే వస్తారు. అక్కడి నుంచి మా ఊరికి మధ్యాహ్నం సర్వీసు జీపే దిక్కు. నా జెల్ నెయిల్ కిట్ కూడా అలాగే, సిమెంటు బస్తాకీ కోళ్ళ గంపకీ మధ్య ఇరుక్కుని కొండెక్కింది. ఆ రోజు సంత నుంచి అదే జీపులో వస్తున్న మా మేనత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

“ఏటే ఇది? మందులా?” అంది డబ్బా నా చేతికిస్తూ.

“గోళ్ళత్తా,” అన్నాను.

ఆవిడ నా చేతుల వైపు చూసింది. పది వేళ్ళకూ పది గోళ్ళున్నాయి కదా, ఇంకేం గోళ్ళు అన్నట్టు ఓ చూపు చూసి వెళ్ళిపోయింది.

అప్పటికి నేను విశాఖపట్నంలో డిగ్రీ చదివి ఇంటికి వచ్చేశాను. కాఫీ పళ్ళు కోసే కాలంలో అమ్మతో తోటకు వెళ్ళేదాన్ని, మిగతా కాలం ఊళ్ళో వాళ్ళకి జాకెట్లు కుట్టేదాన్ని. చదువుకునే రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి అక్కడ గోళ్ళు అతికించే నెయిల్ షాపులోకి వెళ్ళాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, “ఇలాంటి గోళ్ళకి ఎక్స్‌టెన్షన్స్ నిలవవండీ. బాగా పనిచేసే చేతులు కదా,” అంది. మర్యాదగానే అంది. నేనూ మర్యాదగానే బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే మాత్రం చెవులు కాలిపోయాయి. పనిచేసే చేతులకి అందంగా ఉండే హక్కు లేదా? ఆ చేతులకి ఏం నిలుస్తుందో నేనే తేల్చుకుంటానని అప్పుడే అనుకున్నాను.

డబ్బా విప్పి వసారాలో చాప వేసుకుని కూర్చున్నాను. ఫోన్‌లో వీడియోలు ముందే చూసి ఉన్నాను. గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మాన్ని వెనక్కి నెట్టాలి. గోటి మీది మెరుపు పోయేలా ఫైల్‌తో నెమ్మదిగా గీకాలి. దుమ్ము దులిపి, జిడ్డు పోయే ద్రవం పూసి, పల్చగా బేస్ జెల్ రాసి కిట్‌తో వచ్చిన చిన్న యూవీ ల్యాంపు కింద ఆరబెట్టాలి. తర్వాత ప్లాస్టిక్ గోరు లోపల జెల్ చుక్క వేసి, గాలి బుడగ చిక్కుకోకుండా వాలుగా ఆనించి, మళ్ళీ ల్యాంపు కింద పెట్టాలి. వింటే ఇంతే. చేతులతో చేస్తే తెలుస్తుంది.

మొదటి గోటికే జెల్ ఎక్కువ వేశాను. ల్యాంపు కింద అది గట్టిపడుతూ నిప్పు తగిలినట్టు కాలింది. చెయ్యి లాక్కున్నాను. ప్లాస్టిక్ గోరు పక్కకు జరిగి అలాగే బిగుసుకుపోయింది. రెండో వేలి దగ్గరకొచ్చేసరికి కరెంటు పోయింది. మా దగ్గర కొండ మీద గాలి కాస్త గట్టిగా వీచినా కరెంటు నిలవదు. ల్యాంపును పవర్ బ్యాంకుకి తగిలించుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఎడమ చెయ్యి ఎలాగో అయింది. ఎడమ చేత్తో కుడి చేతికి వెయ్యడమే నరకం. సూదిలో దారం ఎక్కించే వేళ్ళు నావి, అయినా మాట వినలేదు. పూర్తయ్యేసరికి గోళ్ళు తలో వైపు చూస్తున్నాయి. నాకు మాత్రం ఎంత నచ్చాయో చెప్పలేను. చేతులు ముందుకు చాపి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న అమ్మ చోడి అంబలి గిన్నెలోంచి ఏదో వేలితో పైకి తీసింది. నా బొటనవేలి గోరు!

“ఏటే ఇది! అంబలిలో గోరేటే! ఎవులైనా మింగీసుంటే?”

“మింగలేదు కదమ్మా.”

“నోర్ముయ్యి! తీసీ. అన్నీ తీసీ బేగి! కూడు వండుకునే సేతులకి ఆ ఏషాలేటి?”

నవ్వొచ్చింది, కానీ ఆ రోజు నవ్వి ఉంటే దెబ్బలు పడేవి. ఊడిన గోరు పట్టుకెళ్ళి వెలుతురులో చూశాను. లోపల గాలి బుడగ. తప్పు చేతులది కాదు, నా తొందరది. గోళ్ళన్నీ ఫైల్‌తో అరగదీసి, జెల్ కరిగించే ద్రవంలో తడిపిన దూది చుట్టి, మెత్తబడ్డాక తీసేశాను. లాగితే మన గోరు పొర కూడా లేచిపోతుంది. నాకు బుద్ధొచ్చిందనుకుని అమ్మ సంతోషించింది. ఆ వారం చివర్లో మళ్ళీ వేసుకున్నాను. ఈసారి పొట్టివి, వేలి కొసని కొంచెమే దాటేవి.

ఈసారి మేనత్త రంగంలోకి దిగింది. అమ్మ పక్కన పీట మీద కూర్చుని, నాకు వినబడేలా మొదలెట్టింది.

“గుంటకి ఎవుడో తగిలుంటాడు వదినా. లేపోతే ఇంత సోకేటి? ఎవుడి కోసమే, సెప్పు.”

“నా కోసమే అత్తా.”

“తన కోసం తను ఎవులైనా ఏసుకుంటారేటే?”

“మరి నీ సేతుల మీద ఆ పచ్చలు ఎవుల కోసం పొడిపించుకున్నావు?”

అత్త మోచేతుల నుంచి మణికట్టు దాకా పచ్చబొట్లున్నాయి. ఆవిడ పైట లాగి చేతులు కప్పుకుంది. “అది మన ఆచారం,” అంది.

“పొడిపించుకున్నప్పుడు ఊరంతా వినబడేలా ఏడ్సినావంట కదా. నానైతే ఏడవకుండా ఏసుకున్నాను.”

అమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేనని నాకు తెలుసు. అత్త మాత్రం ఆ రోజు నుంచి నాతో మాటలు మానేసింది.

తోటలో అందరూ నన్నే కనిపెడుతున్నారు. ఈ గోళ్ళతో పళ్ళు కొయ్యలేనని, గంప సగం కూడా నిండదని ఎదురుచూపు. నిజానికి కాఫీ పండుని గోటితో గిల్లకూడదు. వేలి కండతో పట్టుకుని చిన్నగా మెలితిప్పాలి. అప్పుడు కాడ కొమ్మకే ఉండిపోతుంది, వచ్చే ఏటి పూతకి దెబ్బ తగలదు. ఇది చిన్నప్పుడు నాకు నేర్పింది అమ్మే. గోళ్ళు ఉన్నాయి కనక ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని కోశాను. సాయంత్రం అమ్మ నా గంపలో చెయ్యి పెట్టి కింది పళ్ళు పైకి తీసి చూసింది. పచ్చి కాయ ఒక్కటీ తగల్లేదు. గంప ఎత్తి నా నెత్తిన పెట్టింది.

కోతలు ఊపందుకున్న రోజుల్లో కిందినుంచి ఒక కారు వచ్చింది. కాఫీ పొడి ప్యాకెట్ల మీద వెయ్యడానికి ఫొటోలు కావాలట. ఒక ఫొటోగ్రాఫరూ, పని చెప్పే ఒక మేడమూ. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నిలబడి ఆవిడ మా అందరినీ వరసగా చూసి, నన్ను పిలిచింది.

“నువ్వు రా అమ్మా. ముఖం బాగుంది. ఆ పళ్ళు దోసిట్లో పట్టుకో.”

పట్టుకున్నాను. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తి, వెంటనే దించేశాడు.

“మేడమ్, గోళ్ళు,” అన్నాడు.

ఆవిడ దగ్గరకొచ్చి చూసింది. “అయ్యో, ఇవెందుకు పెట్టుకున్నావు? సహజంగా ఉంటేనే కదా మీకు అందం. ఇప్పుడు తీసెయ్యగలవా?”

“ఇప్పుడు తియ్యడానికి కుదరదండి.”

“పోనీ వేళ్ళు లోపలికి ముడిచి దాచెయ్. ఆ వాచీ కూడా తీసెయ్. లేకపోతే ట్రైబల్ లుక్ రాదు.”

కాఫీ చెట్ల వరసల్లో చేతులన్నీ ఆగిపోయాయి. నా దోసిట్లోని పళ్ళు వేడెక్కినట్టనిపించింది. విశాఖపట్నంలో నా గోళ్ళు మరీ మొరటు. ఇక్కడ నా సొంత తోటలో మరీ సోకు. ఇంతకీ నేనెలా ఉంటే వీళ్ళకి సరిపోతుంది?

“నేను ట్రైబలేనండి మేడమ్,” అన్నాను. “ఇంక లుక్ ఎక్కడినుంచి తేవాలి?”

“కోపం తెచ్చుకోకమ్మా, ఫొటో కోసమే కదా.”

“నా చేతులు కావాలంటే ఇలాగే తీసుకోండి. దాచి మాత్రం ఇవ్వను.”

ఆవిడ నిట్టూర్చి చుట్టూ చూసింది. పక్క వరసలో అమ్మ కనిపించింది. మట్టి పట్టిన అమ్మ వేళ్ళు, పగుళ్ళు, మొండి గోళ్ళు చూసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. “ఇవీ చేతులంటే! అమ్మా, నువ్వు రా ఇలా.”

నా గోళ్ళ కోసం అన్ని రోజులు నన్ను తిట్టిన మనిషి అమ్మ. వెళ్తే నేనేం అనగలను?

అమ్మ కదల్లేదు. చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది.

“నా కూతురి సేతులు పనికిరాపోతే నావి మాత్రం మీకెందుకమ్మా? దాని గోళ్ళు దానిష్టం. ఎలుతురుంది, మాకు కోతుంది,” అని మళ్ళీ కొమ్మ వైపు తిరిగింది.

వాళ్ళు కెమెరా సర్దుకుని పై తోటకి వెళ్ళిపోయారు. దోసిట్లోని పళ్ళు గంపలో పోసి నేనూ వరసలోకి వచ్చేశాను. కళ్ళు మసకబారి కాసేపు ఏది పండో ఏది కాయో తెలియలేదు. అమ్మ నా వైపు చూడకుండానే, “మేడం ఎదర నిలబడ్డావు సరే, అంబలిలో గోరు కనబడితే ఈసారి ఊరుకోను,” అంది.

చాన్నాళ్ళ తర్వాత ఆ ప్యాకెట్టు పాడేరు దుకాణంలో చూశాను. దోసెడు పళ్ళు, వాటి కింద ఎవరివో చేతులు. ముఖం లేదు. అవి మా పై ఊరి ఆవిడవని కొందరంటారు, మా వాళ్ళవే కావని కొందరు. నాకైతే దిగులు కలగలేదు. అక్కడే నిలబడి ప్యాకెట్టు పక్కన నా చెయ్యి పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. దుకాణదారు వింతగా చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఆ ఏడు కాఫీ కోతలు అయ్యాక పసుపు తవ్వకం వచ్చింది. పసుపు చేలో పని వేరు. మట్టిలో చేతులు పెట్టి దుంపలు విడదియ్యాలి, జెల్ గోరు అక్కడ లేచిపోతుంది. ఒక ఆదివారం వసారాలో కూర్చుని నెమ్మదిగా అన్నీ అరగదీసుకుని తీసేశాను. అటుగా వెళ్తున్న అత్త ఆగింది. నాతో మాట్లాడక ఎన్నాళ్ళయిందో, ఆ రోజు మాత్రం సంతోషం పట్టలేకపోయింది.

“బుద్ధొచ్చిందేటే గుంటా?”

“బుద్ధి కాదత్తా, పసుపు తవ్వాలి. తవ్వకం అయిపోనీ, మళ్ళీ ఏసుకుంటాను.”

వేసుకున్నాను కూడా.