తాడు పట్టే మనిషి

ఏసీ అంటే జనానికి గదిలో గోడ మీద తెల్లగా మెరిసే పెట్టె ఒక్కటే. దాన్ని బిగించడం గంట పని. బిగించాక దాని కింద నిలబడి ఫోటోలు కూడా దిగుతారు. అసలు బరువంతా బయటి పెట్టెలో ఉంటుంది, నలభై కిలోలకు కాస్త అటూ ఇటూ. ఎండకు మాడుతూ, గాలికి అదురుతూ, లోపలివాళ్ల వేడినంతా బయటికి కక్కుతూ గోడకు వేలాడేది అదే. దాని వంక ఎవరూ చూడరు. ఇరవై ఏళ్లుగా అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నేను చెమటోడ్చింది ఎక్కువగా ఆ పెట్టె కోసమే.

మాది కుందుర్పి వైపు. మా తాత, నాయన బావులు తవ్వేవాళ్లు. బోర్లు వచ్చి మా నోట మట్టి కొట్టాయి. ఆ తర్వాత బోర్లూ ఎండిపోయాయి, అయినా మాకు ఒరిగిందేమీ లేదు. గంపలో పైకి వచ్చిన మట్టిని వేళ్ల మధ్య నలిపి, ఇంకెంత లోతుకు నీళ్లు పడతాయో నాయన చెప్పేవాడు. నేను డ్రిల్లు రాల్చే పొడిని చూసి గోడ గుణం చెబుతాను. పొడి బూడిద రంగులో రాలితే సిమెంటు, బోల్టు నిలుస్తుంది. ఎర్రగా రాలిందంటే అది రాళ్ల మధ్య మట్టి మెత్తి కట్టిన పాత గోడ. దానికి బోల్టు బిగించడం పెరుగన్నంలో మేకు దిగ్గొట్టడమే.

నాయన దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. బావిలోకి దిగేవాడు తన తాడును ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకూడదు. అన్నదమ్ములకు అసలే ఇవ్వకూడదు, బామ్మర్దికే ఇవ్వాలి. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని సామెత ఉండనే ఉంది. తాడు జారితే అన్నదమ్ముడికి ఒక వాటా కలిసొస్తుంది. బామ్మర్దికైతే తోడబుట్టినదాని నొసటి బొట్టు పోతుంది. నాకు పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు నాయన పిల్లను ఒకసారి చూసి, ఆమె తమ్ముడి జబ్బల బలాన్ని రెండుసార్లు చూశాడు. నాకు ఒళ్లు మండింది.

నేను బావులు తవ్వకపోయినా తాడు మాత్రం తప్పలేదు. నా నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు రెండో కొస నా బామ్మర్ది నడుము చుట్టూ. పదిహేనేళ్లు అలాగే పనిచేశాం. తాడు పట్టినవాడు మాట్లాడకూడదని నాయన పెట్టిన నియమం. బామ్మర్దికి ఆ నియమం పెద్ద కష్టం కాలేదు, వాడికి మాటకొక పూట పడుతుంది. పని ముగించి నేను దిగగానే వాడు జేబులోంచి ఫోను తీసి వాళ్ల అక్కకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక్కసారి మోగించి కట్ చేసేవాడు. బావ దిగినాడు అని దానికి అర్థం.

ఆమె ఫోను ఎత్తేది కాదు. ఆ మోత విన్నాకే పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టేది. ఇది ముగ్గురం కూర్చుని అనుకున్న ఏర్పాటు కాదు, ఎప్పుడు మొదలైందో కూడా గుర్తు లేదు. ఒకసారి వాడి ఫోనులో ఛార్జింగు అయిపోయింది. నేను ఇల్లు చేరేసరికి మూడు దాటింది, ఇంకా పొయ్యి వెలగలేదు. ఆమె గడపలో కూర్చుని వీధి వైపు చూస్తూ ఉంది. ఆకలి మీద ఉన్నాను, నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె లేచి ఎసరు పెట్టింది. ఆ అరుపు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి, పన్నెండో రోజు పోయింది. మాకు పిల్లలు లేరు. దినాలు అయ్యాక చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. నేనూ బామ్మర్దీ మళ్లీ పనిలో పడ్డాం.

మూడు నెలలు గడిచాక ఒక ఇంట్లో పని ముగించి దిగాను. వాడు అలవాటు కొద్దీ ఫోను తీశాడు. నెంబరు దాకా పోయిన వేలు అక్కడే ఆగిపోయింది. ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ నిలబడటం నేను చూడలేకపోయాను. "ఏమి చూస్తాండావు? తాడు సుట్టు" అని కసిరాను. వాడు తాడు చుట్టి సంచిలో పెట్టాడు.

ఆ రోజు ఇంటికి వస్తూ నేనొక లెక్క వేసుకున్నాను. వాడు ఇన్నేళ్లు పట్టింది నా తాడు కాదు, వాళ్ల అక్క బొట్టు. ఆ బొట్టే పోయాక నేను వాడికి ఏమవుతాను? ఏ ధైర్యంతో తాడు ఇవ్వాలి? ఇంకోవైపు, ఏ మొహం పెట్టుకుని పట్టమని అడగాలి? తర్వాత వాడు ఫోను చేసినప్పుడల్లా "పనుల్లేవప్పా" అన్నాను. ఎండలు మండిపోతున్న ఏప్రిల్లో ఏసీ వాడికి పనుల్లేవంటే ఎవరు నమ్ముతారు? వాడు నమ్మలేదు. రోషం గలవాడు, నాలుగుసార్లు చేసి మానుకున్నాడు. భార్యాపిల్లలతో గుమ్మఘట్టకు, అత్తగారి ఊరికి వెళ్లిపోయి సామాన్ల ఆటో తోలుకుంటున్నాడని ఎవరో చెప్పారు.

అప్పటి నుంచి ఒంటరిగానే పనిచేశాను. కూలికి మనిషిని పెట్టుకోవచ్చు. కానీ తెలియనివాడి చేతిలో తాడు పెట్టి గోడ మీదకు ఎక్కడానికి నా ప్రాణం ఒప్పలేదు. స్తంభాలకు, మెట్ల కమ్మీలకు, ఏది గట్టిగా కనిపిస్తే దానికి కట్టుకునేవాణ్ని. మధ్యాహ్నం హోటల్లో తినేవాణ్ని. ఇంట్లో పొయ్యి టీకి తప్ప వెలిగేది కాదు. నా భార్య ఫోను, చిన్న బటన్ల ఫోను, వంటింటి గూట్లో ఉప్పు జాడీ పక్కన ఉంది. దాన్ని ఆదివారం ఆదివారం ఛార్జింగు పెట్టేవాణ్ని. నెంబరు పోకుండా రీఛార్జి చేయించేవాణ్ని. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఈ వేసవిలో రాప్తాడులో ఒక రైతు ఇంట్లో పని వచ్చింది. కింద పాత రాతి ఇల్లు, పైన కొత్తగా సిమెంటు ఇటుకలతో వేసిన గది. బయటి పెట్టెను ఆ పై గది వెనక గోడకు బిగించాలి. ఇంటివాళ్లతో కలిసి పెట్టెను మిద్దె మీదకు చేర్చాం. ఇంటి పెద్దాయన నా సంచి చూశాడు, నా చుట్టూ చూశాడు.

"ఏమప్పా, ఒక్కడివే వచ్చినావు? తాడు పట్టేదానికి ఎవరూ లేరా? నేను పట్టుకుందునా?"

"వద్దులే అన్నా, నాకు అలవాటే" అన్నాను.

మిద్దె మీద ఇటుకల దిమ్మె మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంది. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. అంత బరువైన బామ్మర్ది ఎవరికి దొరుకుతాడు అని నాలో నేను నవ్వుకుని, తాడు దానికి చుట్టి ముడి వేశాను. పిట్టగోడ దాటి, కింది కిటికీ మీద ఉన్న రాతి సజ్జ మీద కాలు పెట్టాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చేయకూడని పని అది. ఆ బండ లోపలి కొస ఉన్నది ఎర్రమట్టి గోడలో. నాకు తెలుసు. నిచ్చెన వేసుకోవాలి, దాన్ని కింద ఒకరు పట్టుకోవాలి. ఆ ఒకరు లేరు కాబట్టి సజ్జ చాల్లే అనుకున్నాను.

మొదటి కన్నం సగమైనా దిగకముందే బండ కదిలింది. కాళ్లు దాని మీంచి జారిపోయాయి. పైన ఏదో పెద్దగా ఈడ్చుకొస్తున్న చప్పుడు, ఆ వెంటనే పిట్టగోడకు గుద్దుకున్న చప్పుడు. నా నడుము రెండు ముక్కలైనట్టు బెల్టు బిగుసుకుంది. కళ్లు తెరిస్తే ఊగుతున్నాను. కింద బండలు పరిచిన పెరడు, దాని మీద ఎండబెట్టిన మిరపకాయలు కనిపించాయి.

ఆ క్షణంలో చావు భయం వేసిందని చెబితే అబద్ధం. ఇంటి తాళంచెవి నా జేబులోనే ఉంది, నేను పోతే ఎవరికి చెప్పాలో ఈ పెద్దాయనకు తెలియదు కదా అనుకున్నాను. నేను దిగలేదని తెలుసుకునేవాళ్లు లోకంలో ఒక్కరూ లేరు. ఆ పెరడు బావి అంత లోతుగా కనిపించింది అప్పుడే.

పెద్దాయన, ఆయన భార్య పరుగున వచ్చి నన్ను పైకి లాగారు. నీళ్లు తాగించారు. దిమ్మె మీద ఉండాల్సిన ట్యాంకు పిట్టగోడకు ఆనుకుని ఉంది. పైపు విరిగింది, విరిగిన చోట చుక్క నీరు కూడా లేదు.

"ట్యాంకుకు కట్టినావా?" అన్నాడు పెద్దాయన. "అది ఖాళీ కదప్పా! కొళాయి వచ్చి నాలుగు దినాలాయ. ఈ సీమలో పుట్టి, ట్యాంకు నిండా నీళ్లుంటాయని ఎట్లనుకున్నావప్పా!"

బావులు తవ్వే ఇంట్లో పుట్టినవాణ్ని. ఒక్కసారి వేళ్లతో తట్టి ఉంటే ట్యాంకే చెప్పేది. తల వంచుకుని కూర్చున్నాను.

"రేపు మనిషిని పిలుచుకుని రా. లేదంటే నీ పెట్టె ఎత్తుకుని పో. నా ఇంట్లో పీనుగ లేచే పని నాకొద్దు" అన్నాడు. కోపంగానే అన్నాడు గాని, బస్టాపు దాకా బండి మీద తనే దించాడు.

బస్టాపులో కూర్చుని ఫోను తీశాను. పిలవదగిన మనిషి కోసం పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. గ్యాసు దుకాణం, స్టాండ్లు చేసే వెల్డింగు షాపు, కస్టమర్లు. చివరికి వాడికే చేశాను.

"చెప్పు బావా" అన్నాడు, పొద్దున్నే మాట్లాడుకున్నట్టు.

"రేపు రాప్తాట్లో ఒక పని ఉండాది."

"ఎన్ని గంటలకు?"

"ఎనిమిదికి. నీకు ఆటో బాడుగలు ఉంటాయేమో..."

"ఉంటే ఉండనీ. తాడు మారిస్తివా, పాతదేనా?"

"పాతదే."

"నేను కొత్తది తెస్తాలే" అని పెట్టేశాడు.

పొద్దున నాకంటే ముందే వచ్చి మిద్దె మీద ఉన్నాడు. గడ్డం నెరిసింది. దిమ్మె నుంచి పిట్టగోడ దాకా ట్యాంకు గీసుకుపోయిన గీతను చూస్తున్నాడు. పెద్దాయన అప్పటికే కథంతా చెప్పినట్టున్నాడు.

"ట్యాంకును నమ్మినావు. నన్ను నమ్మలేదు" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

"నువ్వు పట్టింది మీ అక్క కోసం కదరా. ఆమె పోయినాక నిన్ను యా మొగం పెట్టుకుని పిలిచేది?"

"అక్క పోయింది. నువ్వు గూడా పోతే నేను ఎవరిని బావా అనల్ల?" వెంటనే కొత్త తాడు విప్పి నడుముకు చుట్టుకున్నాడు. "బెల్టు బిగించుకో. తాడు పట్టినోడు మాట్లాడకూడదు."

ఆ రోజు పని పద్ధతిగా చేశాం. వదులైన సజ్జ బండను ముందే దించేసి, నిచ్చెన వేసి పైనా కిందా కట్టాం. బూడిద రంగు పొడి రాలిన చోటే నాలుగు బోల్టులు దించాను. స్టాండు బిగించి, దాని మీద నా బరువంతా మోపి చూశాను. పెట్టెకు వేరే తాడు కట్టి, దాన్ని మెట్ల స్తంభానికి ఒక చుట్టు తిప్పి, పెద్దాయన, ఆయన భార్య కొంచెం కొంచెంగా వదిలారు. పెట్టె కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టి, గోడకూ పెట్టెకూ మధ్య జానెడు ఖాళీ వదిలాను. గొట్టాల అతుకుల మీద సబ్బు నురగ పూసి బుడగలు రావడం లేదని చూశాను. ఎర్తు వైరు కలిపాను. ఇంతసేపూ నడుము దగ్గర తాడు బిగుతు అలాగే ఉంది. నేను వంగితే కొంచెం వదులైంది, లేస్తే కొంచెం బిగిసింది. రెండేళ్లుగా ఏ స్తంభమూ నాతో అలా కదల్లేదు.

దిగాక వాడు తాడు విప్పుకుని, "ఒక్క నిమిషం బావా" అని మెట్ల వెనక్కి వెళ్లాడు. ఒంటికి పోవడానికి వెళ్లాడనుకుని, నేను సామాన్లు సర్దుకున్నాను. లోపల ఏసీ వేశారు. కాసేపటికి ఏసీ పైపులోంచి బొట్లు బొట్లుగా నీళ్లు రావడం చూసి పెద్దాయన భార్య కేక పెట్టి బకెట్టు తెచ్చి కింద పెట్టింది. మా తాత, నాయనల తర్వాత చివరికి నేను కూడా నీళ్లు పడేలా చేశాను. బామ్మర్ది భోజనానికి ఆగలేదు, సాయంత్రం బాడుగ ఉందని వెళ్లిపోయాడు. మళ్లీ పని ఎప్పుడని మాత్రం అడిగాడు.

నేను ఇంటికి వచ్చి తాళం తీశాను. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే గూట్లో ఉప్పు జాడీ పక్కన ఆ చిన్న ఫోను వెలుగుతూ ఆరుతూ ఉంది. తీసి చూశాను. ఒక మిస్డ్ కాల్. తమ్ముడు. పన్నెండుంబావు.

తాళం వేసిన ఇంట్లో అది ఒక్కసారి మోగి ఆగి ఉంటుంది. ఫోను చేతిలో పట్టుకుని గడపలో కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చాను. తర్వాత లేచి, గిన్నె కడిగి, పొయ్యి వెలిగించి సంగటికి ఎసరు పెట్టాను.