తిన్నాకే మాట

శొంఠి కాఫీ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. వేలూరు పాత మార్కెట్లో తమలపాకుల మండీ దాటగానే ఉంటుంది ఆ అంగడి. ఊరు చూడవచ్చినవాళ్ళను మార్కెట్ అంతా నడిపిస్తూ, ఎక్కడ ఏది బాగుంటుందో చెప్పి తినిపించడం నా పని. మొన్న ఆదివారం బెంగళూరు నుంచి ఒక గుంపు వచ్చింది. అందులో ఒకమ్మాయి గ్లాసుకు ఫొటో మీద ఫొటో తీస్తూ, "ఈ పని మీకెవరు నేర్పించారండీ?" అని అడిగింది. "ముందు తాగు తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, అది కాంతమ్మక్క మాట.

కాంతమ్మక్కది నాట్రంపల్లి. ఇక్కడ వేలూరులో ఆసుపత్రి వెనక సందులో ఒక లాడ్జి ఉండేది, అందులో గదుల తాళాలిచ్చే పని ఆమెది. అక్కడ దిగేవాళ్ళంతా రోగుల వెంట వచ్చినవాళ్ళే. గుడియాత్తం నుంచి మా తమ్ముడు శీనును తీసుకొచ్చి నేనూ అక్కడే దిగాను. వాడికి రక్తంలో జబ్బు. సాయంత్రం వార్డులోంచి మమ్మల్ని బయటికి పంపించేశాక గదిలో గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ వేళకే అక్క తలుపులన్నీ తట్టి, అందరినీ పోగుచేసి మార్కెట్‌కు తోలుకుపోయేది. బెంగాలీవాళ్ళు, ఒరియావాళ్ళు, మన నెల్లూరువాళ్ళు... భాష తెలిసినా తెలియకపోయినా ఆమె వెనకే నడిచేవాళ్ళు.

"ఏమ్మా, మద్దేనం ఏం తిన్నావు?" అంది మొదటిరోజు.

"ఆకలి లేదక్కా. మా తమ్ముడికి ఈ పొద్దు..."

"ఆ మాట ఇప్పుడొద్దు. ముందు తిను, అప్పురం మాట."

అప్పురమంటే తర్వాత అని. మా వైపు తెలుగులో అరవం అలా కలిసిపోయే ఉంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మంచంలో ఉన్నవాడి సంగతి అడగదు, ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. పెనం దగ్గర నిలబెట్టి గుంతపొంగణాలు తినిపించింది, తర్వాత గుగ్గిళ్ళు. అన్నిటికన్నా చివర శొంఠి కాఫీ. గ్లాసు చేతిలో పెట్టాక అప్పుడడిగింది: "ఇప్పుడు సెప్పుమ్మా. ఎట్లుండాడు మీవాడు?" అంతే, భోరుమన్నాను. రోజూ ఆ అంగడి ముందు ఎవరో ఒకరు అలా ఏడ్చేవాళ్ళు. నలుగురిలో సిగ్గుపడితే, "ఈయప్ప శొంఠి ఎక్కువేసినాడులే, ఆ ఘాటుకే" అని నెపం అంగడాయన మీదికి తోసేసేది. ఆయన నవ్వుతూ ఇంకో గ్లాసు పోసేవాడు.

శీను దక్కలేదు. అమ్మానాన్నలు ముందే పోయారు, నాకంటూ మిగిలింది వాడొక్కడే. ఇంటికి తిరిగొచ్చాక నాకు ముద్ద దిగలేదు. చుట్టాలు బతిమాలారు, తిట్టారు, చివరికి విసుగెత్తి వదిలేశారు. ఎవరి ద్వారా తెలిసిందో, అప్పుడు బస్సెక్కి అక్క వచ్చింది. పక్కన కూర్చుని ఓదారుస్తుందనుకున్నాను. గడపలోనే నిలబడి, "పొద్దన్నుంచీ ఏం తినలేదుమ్మా. మీ ఊర్లో యాడ ఏం బాగుంటాదో నాకేం తెలుసు? నువ్వే చూపించు" అంది.

"నన్నిట్లా వదిలెయ్యక్కా."

"సరి. నువ్వు పెట్టేదాకా నేనూ తినను. ఈడ్నే కూచుంటా."

అన్నంత పనీ చేసే మొండి ఘటం. లోపల్లోపల తిట్టుకుంటూ చెప్పులేసుకున్నాను. బజారులో ఒకచోట వడలు బాగుంటాయన్నాను. ఇంకాస్త ముందుకు పోయాక, ఈ అంగట్లో వేడి అల్వా అంటే శీనుకు ప్రాణమన్నాను. వాడు పోయాక వాడి పేరు నా నోట రావడం అదే మొదటిసారి. "అయితే అదే తిందాం" అని ఆకులో పెట్టించి సగం నా వైపు జరిపింది. ఏడుస్తూనే తిన్నాను. కొన్నాళ్ళకు వేలూరు వచ్చేసి, సాయంత్రాలు అక్క పక్కన నడవడం మొదలుపెట్టాను.

ఏళ్ళు గడిచాక అక్కకే గొంతులో జబ్బు చేసింది. ఎందరికో తినిపించిన మనిషికి చివరికి నీళ్ళు కూడా దిగలేదు. ఆమెకూ ఎవరూ లేరు, ఆసుపత్రిలో మంచం పక్కన నేనే. ఒక సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. గొంతు పెగల్చుకుని అడిగింది.

"తిన్నావా?"

"తర్వాత తింటాలే అక్కా."

"పోమ్మా. తినేసి రా. అప్పురం మాట."

ఆ మాటకు ఎదురు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. వెళ్ళాను. పొంగణాలు తిన్నాను, గుగ్గిళ్ళు తిన్నాను. తిరిగొచ్చాక ఏం తిన్నానో వరసగా చెప్పాలని, ఉప్పు ఎక్కువైందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాను. వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది.

కోపమొచ్చింది, ఇప్పటికీ వస్తుంది. నేను చూడకూడదని కావాలనే పంపిందో, నిజంగానే నా ఆకలి గురించి బెంగపడిందో తెలియదు. అడుగుదామంటే మనిషే లేదు.

మొన్న ఆ బెంగళూరు అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. అందరూ తాగేశాక చివరి గ్లాసు నా చేతికొచ్చింది. రోజూ చేసేదే చేశాను. పెదవికి ఆనించే ముందు, ఎవరికీ వినబడకుండా, "తిన్నానక్కా. ఇప్పుడు చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహం చూసి కంగారుపడింది.

"ఏం లేదమ్మా, శొంఠి ఘాటు" అన్నాను.